దొరసాని కాలికి నల్లతోలు

రెండువేల పదహారవ సంవత్సరం మే నెల పదునాలుగవ తేదీ, శనివారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. తెల్లవారుజామున పడిన చినుకులకు దారి ఇంకా తడిగా ఉంది. ఆకాశం బూడిదరంగులో ఉంది. పడమటి గాలి ఒక్కసారిగా వచ్చి చేతిలోని కాగితాలను లాగి, మరుక్షణమే తానేమీ ఎరుగనట్లు ఆగిపోతోంది. ఆ వేళకు జంతువనం వెనుక గేటు దగ్గర, సిబ్బంది రాకపోకలకు వాడే ఇనుపతలుపు ముందు, ఒక కుటుంబం నిలబడి ఉంది. తోలుపని చేసే పెద్దాయన, ఆయన భార్య, కొడుకు, ఆ కొడుకు కూతురైన ఆరేళ్ళ పిల్ల.

పెద్దాయనకు అరవైమూడేళ్ళు. అసలు పేరు బ్యాంకు పుస్తకంలో భద్రంగా ఉంది, వీధిలో మాత్రం ఆయన దబ్బనం. తోలు కుట్టే ఆ పెద్ద సూదికీ ఆయన నాలుకకూ గల పోలికను మొట్టమొదట కనిపెట్టిన మహానుభావుడెవరో తెలియదు గాని, ముప్పై ఏళ్ళయినా ఆ పేరు ఊడలేదు. ఆయనకు కోపం రావడానికి కారణం అక్కరలేదని భార్య అనేది. అది నిజం కాదు. కారణం ప్రతిసారీ ఉండేది. అది ఇతరుల కంటికి ఆనేంత పెద్దది కాకపోవడమే చిక్కు. సంచి పిడికి ఆరు కుట్లు పడవలసినచోట ఐదు వేసి అప్పగించినవాణ్ణి ఆయన దొంగ అనేవాడు. నాలుగు వేసినవాడితో అసలు మాట్లాడేవాడే కాడు.

"ఇంట్లోంచి కదిలేటప్పుడు అందరికీ కాళ్ళకింద నిప్పు పెట్టినట్టు తొందర. ఇక్కడికొచ్చి గేటుకి కాపలా," అన్నాడు దబ్బనం.

"మీరు గేటుతో కూడా దెబ్బలాడేట్టున్నారే! సెలవురోజండీ. ఇవాళైనా ఆ కనుబొమ్మలు కాస్త కిందికి దించండి," అంది భార్య.

"తాత కనుబొమ్మలు దిగవు నానమ్మా. నిద్రపోయేటప్పుడు నేను చేత్తో నొక్కి చూశాను," అంది మనుమరాలు.

ఇనుపతలుపు తెరచుకొని కూతురు బయటికి వచ్చింది. ఇరవైయారేళ్ళ మనిషి. ముదురాకుపచ్చ కోటు, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, నడుముకు వేలాడుతున్న ఎడమచేతి తొడుగు. ఆ తొడుగు తండ్రి కుట్టినదే. బొటనవేలి దగ్గర మూడు పొరల తోలు, లోపల మెత్తటి జింకతోలు. మూడేళ్ళుగా ఆమె ఈ జంతువనంలోని పక్షిశాలలో సహాయకురాలుగా పనిచేస్తోంది. డేగలనూ గుడ్లగూబలనూ తూకం వేయడం, వాటికి మేత కోయడం, రెట్టలు కడగడం ఆమె పని. జనం ముందు పక్షిని ఒంటరిగా ఎగురవేయడానికి ఆమెకు అవకాశం చిక్కడం ఇదే మొదలు. ఈ మూడురోజుల సెలవుల్లో ఆటలు సవ్యంగా జరిగితే సోమవారంనాడు ముఖ్య సంరక్షకురాలుగా ఆమె ఉద్యోగం ఖాయమవుతుంది. జరగకపోతే జూన్ నెలాఖరుతో సరి. ఆ కాగితం మీద సంతకం పెట్టవలసినవాడు మేనేజరు.

"పదకొండున్నరకి ఆట. మూడో వరసలో కూర్చోండి. ముందు కూర్చుంటే రెక్క మొహానికి తగుల్తుంది," అని, ఆమె తండ్రివైపు తిరిగింది. "నాన్నా, ఒక్కమాట. ఇవాళ ఎవరితోనూ..."

"ఎవరితోనూ?"

"ఏం లేదు. ఎవరితోనూ. అంతే. సోమవారం కాగితం చేతికొచ్చాక నీ ఇష్టం, ఆ ఏనుగుతోనైనా పోట్లాడుకో."

"ఒక్కపూట నోరు మూసుకుని కూర్చోలేననా మీ ఉద్దేశం?"

మనుమరాలు కిసుక్కున నవ్వింది.

ఇంతలో మేనేజరు అటుగా వచ్చాడు. నలభై దాటని మనిషి, చెవికి తగిలించుకున్న చిన్న మైకుతోనే నిద్రలేచి, దానితోనే పడుకుంటాడని సిబ్బంది చెప్పుకొనేవారు. "ఓహో, మా తోలు పెద్దాయన మీరేనా! మీ అబ్బాయి భలే చురుకండీ. ఇట్టే చెప్పాం, అట్టే చేసి పంపించాడు," అన్నాడు.

"ఏం పంపించాడు?"

"అదేలే నాన్నా, పాప ఏనుగు ఏనుగంటోంది, పద పద," అని కొడుకు పిల్ల చెయ్యి పట్టుకొని ముందుకు నడిచాడు. దబ్బనానికి ఆ తొందర నచ్చలేదు. అయితే అప్పటికి కూతురికిచ్చిన మాటకు రెండు నిమిషాల వయస్సయినా రాలేదు కనుక, నోరు కట్టుకొని వెంట నడిచాడు.

ఈ పక్షిశాలతో ఆయనకుగల సంబంధం పందొమ్మిదేళ్ళనాటిది. ఒకనాటి మధ్యాహ్నం పక్షిశాల పెద్దాయన, అనగా అప్పటి ముఖ్య సంరక్షకుడు, చిరిగిన చేతితొడుగు పట్టుకొని దుకాణానికి వచ్చాడు. దుకాణమంటే ఇంటి ముందుగదే. పది అడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు. మధ్యలో తోలు కోయడానికి ఒక నల్లరాతి పలక, గోడకు వరుసగా కత్తులు, మైనం పట్టించిన దారపు ఉండలు. సంరక్షకుడు స్టూలు మీద కూర్చొని, తొడుగు సంగతి మరచి, డేగల కాలి పట్టీలను గురించి గంటసేపు చెప్పాడు. డేగ రెండు కాళ్ళకూ మెత్తటి తోలు కడియాలుంటాయి. కడియానికి ఉన్న రంధ్రంలో నుండి జానెడు పొడుగు తోలుపట్టీ దూర్చి వదులుతారు. శాలలో పక్షిని కట్టివేయవలసినప్పుడు వాడే పట్టీకి చివర ఒక చీలిక ఉంటుంది. ఆ చీలికలోనే తాడు తగిలిస్తారు. ఎగురవేసేటప్పుడు దానిని తీసివేసి, చీలికలేని సాదాపట్టీ మార్చాలి. మార్చడానికి పట్టేది రెండు నిమిషాలు.

"మార్చకపోతే?" అని అడిగాడు దబ్బనం.

సంరక్షకుడు కోటుజేబులో నుండి ఒక ఎండుకొమ్మ తీసి రాతిపలకమీద పెట్టాడు. వేలెడు లావు కొమ్మ. దాని పంగలో ఒక తోలుపట్టీ చిక్కుకొని ఉంది. చీలిక గుండా ఒక పుల్ల దూరి, బిగిసి, ఎండిపోయింది.

"ఇది నా మొదటి పక్షిది. ఆరోరోజున దొరికింది. తలకిందులుగా వేలాడుతూ," అన్నాడు సంరక్షకుడు. తరువాత ఆ కొమ్మను మరల జేబులో పెట్టుకొని, తొడుగు బాగుచేయడానికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగాడు.

ఆ రాత్రి దబ్బనానికి సరిగా నిద్రపట్టలేదు. తెల్లవారి లేచి ఒక కట్టుబాటు చేసుకున్నాడు. చీలిక పట్టీలు ఎప్పుడూ నల్లతోలుతో, సాదాపట్టీలు ఎప్పుడూ రంగువేయని పసుపు తోలుతో కుట్టాలి. తొందరలో ఉన్నవాడైనా, పరధ్యానంలో ఉన్నవాడైనా, అర ఫర్లాంగు దూరంనుండి చూచినా, పక్షి కాలికి ఏది ఉన్నదో తెలిసిపోవాలి. పందొమ్మిదేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా ఆ రంగులు కలపలేదు. పట్టీలు అప్పగించి రావడానికి తండ్రి వెంట వెళ్ళీ వెళ్ళీ కూతురు చిన్ననాడే ఆ పక్షులకు అతుక్కుపోయింది. పక్షిశాల పెద్దాయన రెండేళ్ళ క్రితం కాలం చేశాడు. ఆ శాలలో ఆ రంగుల సంగతి తెలిసిన మనిషి ఇప్పుడామె ఒక్కతే.

మొన్న ఏప్రిల్ మొదటి తేదీన దబ్బనానికి ఎడమకంటికి శస్త్రచికిత్స జరిగింది. ఆరువారాలపాటు సూది ముట్టరాదని డాక్టరు ఆనతి. ఆ ఆరువారాలూ దుకాణం కొడుకు చూచుకున్నాడు.

జంతువనంలో ఆ ఉదయం ఇసుక వేస్తే రాలనంత జనం. జిరాఫీ మెడ వంచి, నల్లటి నాలుకతో మనుమరాలి చేతిలోని ఆకురెమ్మ లాగుకొని, ఆమె మోచేతిదాకా జొల్లు పూసింది. పిల్ల ఆనందానికి పట్టపగ్గాలు లేవు. తాబేలు వీపుమీద చెయ్యి వేసి, "తాతా, ఇది నీ రాయిలాగే ఉంది," అంది. చిరుతపులి అద్దాలగది మూలన నిద్రపోతుంటే, ఒకాయన ఉంగరం పెట్టిన వేలితో అద్దం మీద టకటకమని కొడుతూనే ఉన్నాడు. "లేవవే, డబ్బులిచ్చాం," అంటున్నాడు. దబ్బనం ఆయన పక్కకు వెళ్ళి నిలబడి, ఆయన భుజంమీద అదే లెక్కన టకటకమని కొట్టసాగాడు. ఆయన ఉలిక్కిపడి, "ఏంటండీ?" అన్నాడు. "ఏం లేదు. లేస్తారేమోనని," అన్నాడు దబ్బనం. భార్య గబగబా వచ్చి చొక్కా పట్టుకొని ఇవతలికి లాగింది.

"అమ్మాయితో ఏం చెప్పారు పొద్దున?"

"నోరు విప్పనన్నాను. వేలు సంగతి ఎవరూ అడగలేదు."

మొత్తం మీద ఆయన చాలా నిగ్రహంతో ఉన్నాడనే చెప్పాలి. పదకొండుంబావుకు మైదానం చేరి, మూడవ వరుసలో నలుగురూ కూర్చున్నారు. గుండ్రటి గడ్డినేల, చుట్టూ నడుమెత్తున తాడు, నడుమ పక్షి వాలడానికి ఒక కొయ్యస్తంభం. బెంచీల వెనుక వరుసగా ఎత్తయిన చెట్లు. వాటి చిటారుకొమ్మలు గాలికి ఒకదానినొకటి గీరుకొంటున్నాయి. మేనేజరు మైకులో గొంతు సవరించుకొని, రెండు హాస్యాలు చెప్పి, వాటికి తానే నవ్వాడు. మొదట ఒక తెల్ల గుడ్లగూబ నేలమీద నడచి వెళ్ళింది. తరువాత కూతురు వచ్చింది.

ఆమె ఎడమచేతి మీద డేగ కూర్చొని ఉంది. గోధుమరంగు రెక్కలు, తుప్పురంగు భుజాలు, పసుపు కాళ్ళు. చూపులో ఎవరినీ లెక్కచేయని గర్వం. శాలలో దానిపేరు దొరసాని. తనకు మేత తినిపించే కూతురు తప్ప తక్కినవారందరూ తన ఇంట్లో అద్దెకున్నవారన్నట్లు చూస్తుంది. "అదిగో అత్త!" అని మనుమరాలు లేచి నిలబడింది. భార్య కళ్ళు ఒత్తుకుంది. దబ్బనం కూడా ఆ కాసేపు తన ముఖం సంగతి మరచిపోయాడు.

అంతలో గాలి వీచింది. డేగ కాళ్ళ నుండి రెండు పట్టీలు పైకిలేచి ఆడాయి. నల్లవి.

"నల్లవి," అన్నాడు దబ్బనం.

"ఏవి?" అంది భార్య.

"దాని కాళ్ళకి. మార్చడం మర్చిపోయింది పిల్ల."

"దాని పని దానికి తెలుసు. మీరు కదలకండి."

"మర్చిపోలేదు నాన్నా," అన్నాడు కొడుకు, మైదానం వైపే చూస్తూ. "పసుపువి ఇప్పుడు లేవు. అన్నీ ఒకటే రకం. మేనేజరుగారు అలా అడిగారు. ఆటవ్వగానే ఫొటోలకి కట్టెయ్యాలట. రోజుకి నాలుగు ఆటలు, నాలుగుసార్లు తీసి మార్చి ఎవడు చస్తాడూ అన్నారు. నీ కంటికి కట్టుంది కదా, ఎందుకులే అని నీకు చెప్పలేదు."

"ఎవరు కుట్టారు?"

"నేనే."

"చీలిక ఎవరు కోశారు?"

"నేనే నాన్నా. చివర చిన్న గీత. దానికింత రాద్ధాంతం..."

దబ్బనం ఏమీ అనలేదు. కొడుకుకు చిన్నప్పటినుండి తండ్రి కేకలు తెలుసు. ఈ మౌనం మాత్రం కొత్త. అతడు ఒక జానెడు పక్కకు జరిగి కూర్చున్నాడు.

ముసలాయన లోపల కోపం నషాళానికి అంటింది. ఎవరిమీదనో తేల్చుకోలేకపోవడం వలన అది ఇంకా మండింది. రెండు నిమిషాల పనిని బరువనుకొన్న మేనేజరుమీదనా? పలకమీద నాలుగు గీతలు గీసి చేతులు దులుపుకొన్న కొడుకుమీదనా? తెలిసీ తలవంచిన కూతురిమీదనా? ఆమె పొద్దున "ఎవరితోనూ" అని మింగిన మాట ఏదో ఆయనకు ఇప్పుడు అర్థమయింది. లేచి అరిస్తే సోమవారపు కాగితం గంగపాలు. నోరు మూసుకొంటే ఆ కొమ్మలు, ఆ గాలి. ఆయన చెట్లవైపు చూశాడు. కొత్త కంటికి ప్రతి పంగా, ప్రతి పుల్లా విడివిడిగా కనబడుతోంది. పంగలన్నీ వేలెడు లావువే.

కూతురు చేయి పైకెత్తింది.

దగ్గరికి వెళ్ళి చెవిలో చెప్పి వద్దామన్నదే ఆయన అనుకొన్నది. ఆ మాట తరువాత ఎన్నిసార్లు అన్నా ఎవరూ కాదనలేదు. కాని అరవైమూడేళ్ళుగా మెల్లగా వెళ్ళడం తెలియని కాళ్ళవి. ఆయన రెండు వరుసల జనాన్ని తొక్కుకొంటూ వెళ్ళి, తాడు దాటి, కుడిచెయ్యి నిటారుగా ఎత్తి, "ఆగమ్మా!" అని గావుకేక పెట్టాడు.

దొరసాని అప్పటికే గాలిలో ఉంది. స్తంభానికీ తనకూ నడుమ చెయ్యెత్తిన మనిషి అకస్మాత్తుగా మొలిచేసరికి, అది గిరుక్కున పక్కకు తిరిగింది. ఆ తిరగడంలో పడమటిగాలి దానిని ఎత్తి, బెంచీలమీదుగా, జనం తలల మీదుగా తీసుకొనిపోయి, చెట్టుమీద దింపింది. జనం అదీ ఆటలో భాగమేననుకొని చప్పట్లు కొట్టారు.

"చూశారా, పెద్దాయనకి సలాం కొట్టి మరీ వెళ్ళింది!" అన్నాడు మేనేజరు మైకులో. నవ్వులు.

"పసుపువెక్కడే?" అన్నాడు దబ్బనం.

"కూర్చో నాన్నా. దణ్ణం పెడతాను, కూర్చో," అంది కూతురు పెదవులు కదపకుండా. చెట్టువైపు తిరిగి, చేతితొడుగులో మాంసం ముక్క పెట్టి, ఈల వేసింది. దొరసాని మెడ వంచి చూసింది. రెక్కలు విప్పి కొమ్మను వదలి దూకింది. జానెడు దూరం పోయి, ఎవరో కాలు పట్టుకొని లాగినట్లు ఆగి, తలకిందులయింది.

మైదానమంతటా రెక్కలు కొమ్మలకు తగిలే చప్పుడు వినబడింది. మేనేజరుకు ముందుగా తెలివివచ్చింది. "కంగారేం లేదండి! చిన్న విరామం. ఒంటె సవారీ ఎడమవైపు, ఐస్‌క్రీం కుడివైపు!" కొందరు కదిలారు. కదలనివారు ఫోన్లు పైకెత్తారు.

దీపాల రిపేరుకు వాడే నిచ్చెన వచ్చింది. అది సగం చెట్టువరకే అందింది. కూతురు బూట్లు విప్పి పారవేసి ఎక్కింది. పక్షిని పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి. పట్టీ కోయడానికి మరొక మనిషి కావాలి. ఏ జేబు మరచినా కత్తి జేబు మరువని దబ్బనం, చిన్న కత్తిని తీసి కొడుకు ముందు పెట్టాడు.

"నువ్వు కోసిందేగా. పైకెక్కి నువ్వే కొయ్యి."

"నాకు ఎత్తంటే కళ్ళు తిరుగుతాయని నీకు తెలుసు నాన్నా."

"దానికీ తిరుగుతూ ఉంటాయి. తలకిందులుగా ఉందిగా. ఎక్కు."

కొడుకు ఎక్కాడు. తండ్రి నిచ్చెన అడుగు పట్టుకొన్నాడు. మేనేజరు దగ్గరికి వచ్చి, మైకుమీద అరచెయ్యి అడ్డంపెట్టి, "కొంచెం తొందరగా కానివ్వండి. జనం వీడియోలు తీస్తున్నారు," అన్నాడు.

"తియ్యనివ్వండి. తమరి మొహం సరిగ్గా పడాలంటే ఇంకాస్త వెలుతుర్లోకి జరగండి."

"పెద్దాయనా, మీరు లోపలికి రావడం వల్లే ఇదంతా!"

"అవును, నావల్లే! ఆ పక్షి కాలికి మీ సుఖం కట్టి ఎగరేసిందీ నేనే, ఆ కొమ్మని అక్కడ పెంచిందీ నేనే. పొండి, పోయి ఒంటెని ఎక్కించుకోండి!"

కూతురు కొమ్మమీద బోర్లా పడుకొని, కోటు విసరి డేగను చుట్టి, ఒంటికి అదుముకొంది. అది ఆమె మణికట్టును గోళ్ళతో దొలిచింది. కొడుకు కళ్ళు సగం మూసుకొని, చెయ్యి చాచి, పట్టీ కోశాడు. మొదటిమారు తెగలేదు. ఆ తోలు మంచిది. రెండోమారుకు తెగింది. వేలాడినది మొదలు కిందికి దించేవరకు పదకొండు నిమిషాలయింది.

పశువైద్యుడు పన్నెండున్నరకు వచ్చి చూశాడు. ఎముక విరగలేదు. ఎడమతొడలో నరం తెగింది. "ప్రాణానికి భయంలేదు. కానీ ఆ కాలితో ఇక పట్టు ఉండదు. ఎగిరినా దిగడం కుదరదు. ఎగరెయ్యకండి," అన్నాడు. కూతురు మణికట్టుకు గుడ్డ కట్టుకొంటూ తల ఊపింది.

మేనేజరు గది చిన్నది. గోడనిండా నవ్వుతున్న పిల్లల ఫొటోలు, ప్రతి పిల్ల చేతిమీద ఒక గుడ్లగూబ. బల్లమీద రెండు కాగితాలున్నాయి. ఒకటి సోమవారం రావలసిన కాగితమే. అది శనివారమే సిద్ధమై, సంతకంతో సహా ఉంది. రెండవది ప్రమాద నివేదిక, నాలుగే పంక్తులు. ప్రేక్షకులలోని ఒక వృద్ధుడు తాడుదాటి లోపలికి ప్రవేశించి, కేకలు వేసినందున, పక్షి బెదరి, చెట్టులో చిక్కుకొని గాయపడినదని అందులో ఉంది.

"దీనిమీద సంతకం పెట్టెయ్యమ్మా. అది తీసుకెళ్ళు. ఇంటిల్లిపాదీ సంతోషంగా ఇంటికెళ్ళండి," అన్నాడు మేనేజరు.

గుమ్మంలో దబ్బనం, ఆయనకు అడ్డంగా రెండు చేతులూ చాచి భార్య నిలబడి ఉన్నారు. కూతురు నివేదికను రెండుమార్లు చదివింది.

"ఇందులో అబద్ధమేం లేదు సార్," అంది.

దబ్బనం నోరు తెరిచాడు. భార్య ఆయన కాలు తొక్కింది.

"కానీ జరిగింది ఇంతే కాదు. నాకో తెల్లకాగితం ఇవ్వండి."

"ఎందుకమ్మా లేనిపోనివి? సోమవారం తర్వాత నువ్వే ముఖ్య సంరక్షకురాలివి. నీ పట్టీలు నీ ఇష్టం, ఏ రంగువైనా కుట్టించుకో."

"ఆ మాట మొన్న నేను అడిగినప్పుడు అనుంటే బావుండేది సార్. కాగితం ఇవ్వండి."

ఆమె నిలబడే రాసింది. చేతికట్టు అడ్డురావడంవలన అక్షరాలు వంకరపోయాయి. మొదట తన సంగతి రాసింది. కాలిపట్టీలకు చీలిక ఉన్నదనీ, వాటితో పక్షిని ఎగురవేయరాదనీ తెలిసియుండి, ఒకసారి అడిగి కాదనిపించుకొన్నాక, ఉద్యోగం కోసం మరల నోరు మెదపక ఎగురవేశానని రాసింది. పిదప, పట్టీలన్నీ ఒకే రకంగా కుట్టించమని మేనేజరు ఆదేశించారనీ, ఆ ప్రకారం కుట్టినవాడు తన అన్న అనీ, ఎగురవేసిన క్షణంలో తన తండ్రి తాడు దాటి చెయ్యెత్తడంవలన పక్షి స్తంభం వదలి చెట్టుకు పోయినదనీ, ఆయన వచ్చింది ఆ పట్టీలను చూచి ఆపడానికేననీ రాసి, తేదీ వేసి, సంతకం పెట్టింది.

గుమ్మంలోనుండి చేయి చాచి దబ్బనం ఆ కాగితం లాగుకొన్నాడు. చదువుతూండగా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"నన్ను కూడా రాశావా? మేనేజరుతో కలిపి, ఒకే కాగితంలో?"

"నువ్వు చెయ్యెత్తావు నాన్నా. ఎత్తకపోతే అది స్తంభం మీదకే పోయేది."

"ఈ ఆటకి పోయేది! తర్వాతి ఆటకో, రేపటి ఆటకో? ఎప్పుడో ఒకప్పుడు..."

"అవును. ఎప్పుడో ఒకప్పుడు. ఇవాళ మాత్రం నువ్వు ఎత్తావు."

"నేనెందుకెత్తానో..."

"అది కూడా రాశాను. కిందనుంది, చదువు."

ఆయన చదివాడు. మరల చదివాడు. తప్పుపట్టడానికి ఒక్క మాట దొరకలేదు. జన్మలో మొదటిసారి ఆయనకు కోపముండీ దానికి చోటు లేకపోయింది. కాగితాన్ని నలిపి పారవేయబోయి, నలపలేక, మేనేజరు బల్లమీద పెట్టాడు. పెట్టడం కూడా నెమ్మదిగా కాదు. సిరాబుడ్డి ఎగిరిపడింది.

ఇంటికి పోయే బస్సులో ఐదుగురూ రెండు సీట్లలో ఇరుక్కొని కూర్చున్నారు. ఉడికించిన గుడ్లూ రొట్టెలూ ఉన్న డబ్బా భార్య ఒళ్ళో తెరవకుండానే ఉంది. చాలాసేపటికి మనుమరాలు, "తాతా, ఇప్పుడు ఎవర్ని తిడతావు?" అని అడిగింది. కొడుకు కిటికీలోనుండి బయటికి చూశాడు. డ్రైవరు బస్సును గతుకులో దించినప్పుడు దబ్బనం అతణ్ణి దిగేదాకా తిట్టాడు.

మంగళవారంనాడు కూతురికి జంతువనంనుండి కాగితం వచ్చింది. జూన్ నెలాఖరువరకు ఆగనవసరం లేదని అందులో ఉంది. ఆమె రాసిన నివేదికను పై అధికారులకు పంపినట్లు గాని, పంపనట్లు గాని ఎక్కడా నమోదు కాలేదు. పధ్నాలుగు నెలలు ఆమెకు పని దొరకలేదు. తరువాత ఒక పశువుల ఆసుపత్రిలో చేరి, ఇప్పటికీ అక్కడే ఉంది. చూడవలసినవి ఎక్కువగా ఆవులు, కుక్కలు. మేనేజరు మరి రెండేళ్ళు అక్కడే పనిచేసి, ఇంకా పెద్ద జంతువనానికి ఇంకా పెద్ద పదవిలో వెళ్ళాడు. ఎగురవేసే ఆటలు ఆరువారాలు ఆగి, మరల మొదలయ్యాయి. ఇప్పుడు కట్టే పట్టీలు ఎవరు కుడుతున్నారో, వాటికి చీలిక ఉందో లేదో ఈ రాసేవానికి తెలియదు.

తండ్రీ కొడుకులు ఒకే రాతిపలకకు అటూ ఇటూ కూర్చొని, ఏడునెలలు మాట్లాడుకోలేదు. కత్తి కావాలన్నా, దారం కావాలన్నా మనుమరాలి చేత చెప్పించుకొనేవారు. డిసెంబరులో పిల్లకు జ్వరంవచ్చి వారంరోజులు మంచం పట్టడంతో, "మైనం ఇటివ్వు," అని దబ్బనం అన్నాడు. కొడుకు ఇచ్చాడు. అంతకుమించి ఆ సంగతిమీద వారి నడుమ మాటలు నడవలేదు. పక్షుల పని ఆ దుకాణం మరల ఒప్పుకోలేదు. ఇప్పుడు బడిసంచులు కుడుతున్నారు.

దబ్బనం ఉన్నాడు. కుడికంటికి కూడా శస్త్రచికిత్స జరిగింది. కోపం తగ్గలేదు.

దొరసానిని జంతువనం వెనుకభాగంలో, టికెట్టు కొన్నవారు తిరిగే దారికి దూరంగా, ఒక గదిలో ఉంచారు. కూతురు రెండుమార్లు వెళ్ళి చూడనివ్వమని అడిగింది. సిబ్బందికి తప్ప ప్రవేశం లేదన్నారు. అది ఎన్నాళ్ళు బ్రతికిందో, ఏ తేదీన చనిపోయిందో ఆ కుటుంబానికి ఎవరూ తెలుపలేదు.